బొటనవేలికి ఒంటిపోగు

మా తేజస్విని చేతిలోంచి చాయ్ గ్లాసు జారిన పొద్దున నుంచే మొదలుపెడతాను. ఆ వానకాలమంతా మా ఇంట్లో జరిగిన రచ్చకు అదే మొదలు.

గ్లాసు పగల్లేదు, స్టీలుది. చాయ్ మాత్రం నేను ముందురోజే పడుగు ఎక్కించిన మగ్గం మీద చిందింది. తెల్లటి నూలు మీద అరచెయ్యంత మరక! నాకు ఒళ్లు మండిపోయింది.

"కండ్లు నెత్తికెక్కినయా పోరీ? గ్లాసు పట్టుకోను గూడ చేతగాదా నీకు?"

తేజు కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో ఒక్కొక్కటే విప్పుకుంటోంది. విప్పిన వేలు విప్పినట్టే మళ్లీ ముడుచుకుంటోంది. దగ్గరికి పోయి ముంజేయి పట్టుకుని చూశాను. మోచేతి నుంచి మణికట్టు దాకా కండ బిర్రబిగిసి, నొక్కితే వేలు దిగడం లేదు.

"నిన్న పదకొండు నిమిషాలకే పట్టు పోయిందమ్మా. రెక్కను నీళ్లల్ల ఇడిసేసిన," అంది. నాకు జాలి రావాల్సింది. కోపమే వచ్చింది.

ఆ ఆట పేరు వింగ్ ఫాయిల్. ఆ పేరు నా నోట్లో సరిగ్గా పలకడానికే నెల పట్టింది. గాలి నింపిన గుడ్డ రెక్క ఒకటి ఉంటుంది. దాని నడుమ గొట్టంలాంటి పిడి. ఆ పిడిని రెండు చేతులతో పట్టుకుని నీళ్ల మీద పలకెక్కి నిలబడాలి. పలక కింద పొడుగాటి కాలు, దాని కొసకు ఇంకో చిన్న లోహపు రెక్క. గాలి ఊపందుకుంటే పలక నీళ్లను వదిలి మూరెడు పైకి లేస్తుంది. మనిషి గాలిలో పోతున్నట్టే ఉంటుందట. కాజీపేటలో ఉండే శ్యాంసుందర్ సార్ ధర్మసాగర్ చెరువులో నేర్పిస్తున్నారు. నేవీలో చేసి రిటైరైన మనిషి, పాత సామానంతా ఆయనదే. కాలేజీ ఎన్‌సీసీలో మా పిల్ల పడవ నడుపుతుంటే చూసి, ఈ పిచ్చిలో దింపారు.

మాదేమో కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇల్లు. ఆరడుగుల జంపఖానా ఒక్కరితో అయ్యే పని కాదు. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడి సగం ఒకరిది, ఎడమ సగం ఒకరిది. అడ్డంగా పేక నూలు దూర్చి, దువ్వెనలాంటి ఇనుప పంజా ఎత్తి, ఇద్దరూ ఒకే దెబ్బగా దిగ్గొట్టాలి. మా అత్త పోయిన దగ్గర్నుంచి ఆ కుడి సగం తేజుదే. తొమ్మిదేళ్ల పిల్లగా ఎక్కింది, బడి నుంచి వచ్చి గంట, సెలవు రోజున పూట.

డిగ్రీ పరీక్షలు అయిన రోజే అడిగింది.

"ఈ ఒక్క గాలికాలం నాకియ్యమ్మా. రాఖీ పున్నం అయినంక వచ్చే ఐతారం హైదరాబాద్‌ల సెలక్షన్ ఉంది. ఇరవై నిమిషాలు పట్టు ఇడ్వకుండ తిరిగితే తీసుకుంటరు. ఏడాది సముద్రం కాడ ట్రైనింగు, తిండి, ఉండుడు అన్నీ వాళ్లయే. కాకుంటే వచ్చి మగ్గం మీద కూసుంట. మల్ల ఎన్నడడుగ."

సరేనన్నాను. ఏ గడియలో అన్నానో కానీ, అన్నాను. ఇరవై నిమిషాలు కావాలి, దీని పట్టు పదకొండు దగ్గరే తెగుతోంది. చాయ్ ఒలికిన పొద్దుటికి చేతిలో ఉన్నది ఏడు వారాలు.

తేజు చెరువుకు పోయినన్ని రోజులూ కుడి సగం ఖాళీ. చేనేత సొసైటీ నుంచి ఉమాకాంత్ ఆరడుగులవి పన్నెండు కావాలని నూలు దించి పోయాడు. నేను ఎడమ పక్క నాలుగు పోగులు కొట్టి, లేచి, కుడి పక్కకు పోయి మళ్లీ నాలుగు కొట్టి, ఇట్లా బల్ల మీద అటూ ఇటూ జరుగుతూ నడుము విరగ్గొట్టుకున్నాను. మా ఆయన సిద్దిరాములు ఎనుమాముల మార్కెట్ యార్డులో పత్తి దుకాణంలో గుమస్తా. సెలవు రోజున వచ్చి కుడి పక్కన కూర్చునేవాడు. ఆయన కొట్టే దెబ్బ ఎట్లా ఉంటుందంటే, పంజాకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు. ఉమాకాంత్ మొదటి జంపఖానా పరిచి చూసి, "వదినా, కుడి దిక్కు జర వదులున్నది," అని తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ సరిగ్గా అన్నం పెట్టలేదు నేను.

ఇక చేతి వైద్యం మొదలైంది. బామ్ రాశాం. ఆవాల నూనె రాశాం. దవాఖానకు పోతే డాక్టరమ్మ చెయ్యి అటూ ఇటూ తిప్పి, "నెల రోజులు రెస్ట్ ఇవ్వాలి," అంది.

"నెల రోజులిస్తే గాలి ఆగుతదా మేడం?" అని తేజు అడిగింది. డాక్టరమ్మ నా దిక్కు చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ దిక్కు చూశాను.

తప్పు పిడిలో ఉందని తేల్చినవాడు మా ఆయన. "గొట్టం సన్నగున్నదే. సన్నగుంటె బిగ్గ వట్టుకోవాలె. బిగ్గ వడితె నొప్పి రాదా మరి?" అని తర్కం చెప్పి, సైకిల్ షాపుకు పోయి హ్యాండిల్‌కు తొడిగే రబ్బరు తెచ్చాడు. ఎండలో బాగుంది, నీళ్లలో జారింది. సార్ స్పాంజి పట్టీ చుట్టారు, అది మూడో రోజుకు ఊడొచ్చింది. యార్డులో హమాలీలు కట్టుకునే తోలు పట్టీ తెచ్చాడు ఈయన, దాంతో అరచేతిలో బొబ్బలు లేచాయి. పదకొండు నిమిషాలు పన్నెండు కాలేదు. ఒకరోజు తొమ్మిదికి పడింది. పిల్ల ఇంటికి వచ్చి జడ వేసుకోవడానికి చేతులు పైకి ఎత్తలేక నా ముందు కూర్చునేది. నేను జడ వేస్తూ తిట్టేదాన్ని, తిడుతూ వేసేదాన్ని.

తొలి ఏకాదశి అయిన వారం, ఇక లాభం లేదని నేనే దిగాను. పిడి సంగతి నాకు చెప్పేవాళ్లెవరు? ముప్పై ఏళ్ల నుంచి పంజా పట్టిన చెయ్యి ఇది. మా పంజా పిడికి ఏటా ఉగాదికి కొత్త నూలు చుడతాం. సందు లేకుండా, ముడి పైకి కనబడకుండా, అరచేతికి అతికినట్టు చుట్టాలి. కొత్తవాడలో నేను చుట్టిన పిడి అంటే ఒక పేరుంది. రెక్కను ఇంటికి తెప్పించి, మంచి నూలు తీసి, ఆ గొట్టం మొత్తానికి నాలుగు వరసలు చుట్టాను. పూటంతా పట్టింది.

తేజు వాకిట్లో రెక్కను ఎత్తి పట్టుకుంది. మొహం విప్పారింది.

"ఎంత మంచిగున్నదమ్మా! చెయ్యి పెడితే దిండు మీద పెట్టినట్టున్నది."

"మరేమనుకున్నవ్? మీ సార్‌కు చెప్పు, నేవీల గిట్ల చుట్టెటోళ్లున్నరేమో అడుగు," అన్నాను. ఆ పూట నాకు నా మీద ఎంత మురిపెమో!

ఐతారం పొద్దున తండ్రీబిడ్డలు బండి మీద పోయారు. పదింటికల్లా తిరిగొచ్చారు. మా ఆయన నా కళ్లలోకి చూడకుండా లోపలికి పోయాడు. తేజు వాకిట్లో కూలబడి, సంచిలోంచి బ్లేడు తీసి, నేను చుట్టిన నూలును పరపరా కోయడం మొదలుపెట్టింది.

"ఏయ్, ఏం జేస్తానవే?"

"ఆరు నిమిషాలు," అంది తలెత్తకుండా. "ఆరంటె ఆరే. నీళ్లు తాగి నీ నూలు ఉబ్బింది. గొట్టం నా పిడికిట్లనే పట్టలేదు. నూలు తడిస్తె ఉబ్బుతదని నీకు తెల్వదా అమ్మా? నువ్వు చుట్టినవనే నేను నమ్మిన."

నాకు తెలియకపోవడమేమిటి? తడిసిన నూలు ఏమవుతుందో మా వాడలో చంటిపిల్లనడిగినా చెబుతుంది. కానీ మా పంజా ఎన్నడూ తడవదు. నేను పిడి అనుకున్నాను, చెయ్యి అనుకున్నాను, నీళ్లున్నాయనే సంగతే నాకు తట్టలేదు. తప్పు నాదేనని ఆ క్షణమే అర్థమైంది. ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

"పిడిల ఏం తప్పు లేదు. నీల్నే దమ్ము లేదు," అన్నాను. "చాలు ఇగ. రా, వచ్చి మగ్గం మీద కూసో. ఉమాకాంత్ రోజు ఫోన్ జేస్తాండు."

బ్లేడు కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది.

"సరే, కూసుంట," అంది.

లోపలి నుంచి మా ఆయన, "శ్యామలా, గంత మాటెందుకే?" అన్నాడు. తేజు చేతులు కడుక్కుని వచ్చి కుడి పక్కన కూర్చుంది. నేను ఎడమ పక్కన. పంజాలు లేచాయి, పడ్డాయి.

ఆరు వరసలు అయ్యాక నా చెవికి ఏదో తేడా కొట్టింది. ఇద్దరం ఒకేసారి దిగ్గొడుతున్నాం, కానీ నా పంజా చప్పుడు వేరు, దానిది వేరు. నాది ధబ్బున పడుతోంది. దానిది గుద్దినట్టు పడుతోంది. ఏళ్ల తరబడి పక్కనే కూర్చున్నాను, ఎన్నడూ ఇటు తిరిగి చూసింది లేదు. నా కళ్లు ఎప్పుడూ నా పోగుల మీదే. ఆ రోజు చూశాను.

తేజు బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల మీదికి వచ్చి, పిడిని చుట్టేసి, తాళం వేసినట్టు బిగుసుకుని ఉంది. కణుపులు తెల్లబడ్డాయి. పంజా పైకి ఎత్తేటప్పుడూ అదే బిగువు, దించేటప్పుడూ అదే బిగువు. ముంజేతిలో నరాలు తాళ్లలా లేచాయి. నా చెయ్యి చూసుకున్నాను. నా బొటనవేలు పిడి పైన ఊరకే ఆని ఉంది. నాలుగు వేళ్లతో ఎత్తుతున్నాను, వదులుతున్నాను, ఇనుము తన బరువుతో తానే పడుతోంది. ఇట్లా పట్టమని నాకెవరూ చెప్పలేదు. పట్టి పట్టి నా చెయ్యి తనంతట తాను నేర్చుకుంది.

మరి దానికి ఆ పట్టు ఎవరు నేర్పారు?

తొమ్మిదేళ్ల పిల్ల. ఆ చిన్న చేతికి కిలో బరువు పంజా ఆగేది కాదు, జారి పడుగు మీద పడేది. పోగులు తెగేవి. నాకు విసుగొచ్చి, ఎర్ర గుడ్డ పేలిక చింపి, దాని బొటనవేలును వేళ్ల మీదికి మడిచి పంజాకు కట్టేశాను. ఒక ఏడాది కట్టాను. "పట్టు ఇడిస్తె చూడు," అని వీపు మీద ఒకటి వేసేదాన్ని కూడా.

నా పంజా ఆగిపోయింది. అది కూడా ఆపింది.

"మీ సార్ ఏమంటరు నీ పట్టు గురించి?" అని అడిగాను.

"రోజు ఒకటే మాట. వదులుగ వట్టు, వేళ్లు కొక్కెం లెక్క తగిలియ్యి, బరువు నడుం మీద తీసుకో అంటరు." పంజా కింద పెట్టేసింది. "వదులు వదులు అంటె ఎట్ల వదలాలె? నా చెయ్యి నా మాట ఇనదమ్మా. గాలి గుంజంగనే దానంతటదే బిగుసుకుంటది."

"బొటనవేలు."

"ఏంది?"

"నేను కట్టిన గద, బొటనవేలు. యాదికున్నదా?"

తేజు తన చేతి దిక్కు చూసుకుంది. "ఎర్ర గుడ్డ," అంది మెల్లగా.

నేను లేచి లోపలికి పోయాను. పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. తర్వాత కండె నుంచి మూరెడు నూలు తెంపుకొచ్చాను. ఒంటిపోగు. దాని కుడిచేతి బొటనవేలును చూపుడువేలి పక్కకు చేర్చి, రెండిటికీ కలిపి ఒక చుట్టు చుట్టి ముడేశాను. ఎడమ చేతికీ అంతే.

"ఇప్పుడు పిడి వట్టు. బొటనవేలు చుట్టు తిరిగిందనుకో, పోగు తెగుతది. తెగకుండ వట్టు."

వాకిట్లో దండెం బొంగుకు వేలాడదీశాను దాన్ని, ఆ వేళ్లతోనే. రెండు నిమిషాలు కూడా కాకుండానే ఫట్టున తెగింది. మళ్లీ కట్టాను. మళ్లీ తెగింది. మా ఆయన అరుగు మీద కూర్చుని చూసి చూసి, "ఇదేం పరీక్షనే తల్లీ!" అన్నాడు. పొద్దుగూకే వరకు తొమ్మిది పోగులు తెగాయి. నా తిట్లకు లెక్క లేదు. ఈసారి తిట్లు ఎక్కువగా నన్ను నేనే తిట్టుకున్నవి, పైకి మాత్రం దాన్నే.

మరునాడు మగ్గం విడిచి నేనూ ధర్మసాగర్ పోయాను. నా బిడ్డ ఏం చేస్తోందో నేను కళ్లారా చూడటం అదే మొదటిసారి. కట్ట మీద గాలికి నా కొంగు నిలవడం లేదు. శ్యాంసుందర్ సార్ దాని చేతికున్న నూలు చూసి నవ్వారు.

"ఇదేం తాయత్తు శ్యామలమ్మా?"

"తాయత్తు కాదు సార్, కాపలా," అన్నాను.

నీళ్లలోకి పోయింది. రెక్క లేచింది, పలక లేచింది. మా తేజు నీళ్లకు మూరెడు పైన నిలబడి ఆ చివరికి పోతోంది. ఓయమ్మో, గిదా ఇది చేస్తున్న పని! ఆ గాలి మొత్తం ఆ రెండు చేతుల్లో ఉందని అప్పుడు తెలిసింది నాకు. నేనేమో గ్లాసు పట్టుకోవడం రాదా అని తిట్టాను.

ఏడు నిమిషాలకు పడింది. ఒడ్డుకు వచ్చి చేతులు చూపింది. రెండు పోగులూ తెగి ఉన్నాయి.

"ఏం ఫాయిదా లేదమ్మా," అంది.

"ఇంకో కండె ఉన్నది," అన్నాను.

అట్లా మూడు వారాలు. పొద్దున చెరువు దగ్గర పోగు కట్టడం, మధ్యాహ్నం మగ్గం. చెయ్యి కుదుటపడాలని సార్ రోజు విడిచి రోజే నీళ్లలోకి పంపారు. పిడికి నూలూ లేదు, రబ్బరూ లేదు, సార్ అతికించిన పలుచటి గరుకు పట్టీ ఒక్కటే. పోగులు తెగుతూనే ఉన్నాయి. కుడిచేతిది నిలిస్తే ఎడమది తెగుతుంది. ఒకరోజు రెండూ నిలిచాయి, సంబరపడే లోపు తేజు చెప్పింది, గాలే లేదట. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. రాఖీ పున్నానికి రెండు రోజుల ముందు మాత్రం పదిహేడు నిమిషాలు తిరిగింది. ఎడమ పోగు తెగింది, కుడిది ఉంది. ఇంటికి వచ్చి తన జడ తానే వేసుకుంది. నేను చూడనట్టు వంటింట్లోకి పోయాను.

సెలక్షన్ రోజు హైదరాబాద్ చెరువు ఒడ్డున మొత్తం పిల్లలే. అందరికీ మెరిసే కొత్త రెక్కలు. మా దానిది అతుకులేసిన పాత పసుపుది. గాలి లేదని పొద్దుటి నుంచి కూర్చోబెట్టారు. నా కోపం ఎవరి మీద చూపాలో తెలియక మా ఆయన తెచ్చిన ఇడ్లీ చల్లగా ఉందని ఆయన మీద పడ్డాను. ఒంటిగంటకు గాలి వచ్చింది. వచ్చిందంటే మామూలుగా రాలేదు, టెంటు మేకులు ఊడాయి.

తేజు చేతులు చాపింది. పోగులు కట్టాను. ముడి సరిగ్గా పడక రెండుసార్లు వేయాల్సి వచ్చింది.

"తెగితె తెగనీ," అన్నాను. "గిన్ని రోజులు చేసినవ్, చాలు. మగ్గం యాడికి పోదు."

"మగ్గం గురించి ఇప్పుడెందుకమ్మా!" అని కసిరింది. కసిరి పోయింది.

వాళ్ల లెక్కలు, జెండాలు నాకేం తెలుస్తాయి? పసుపు రెక్క ఒక్కటే చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకు ఇద్దరు పడ్డారు. పదిహేనుకు ఇంకో పిల్లవాడు. పదహారుకు మా పసుపు రెక్క ఒక పక్కకు ఒరిగింది. నా కుడిచెయ్యి నాకు తెలియకుండానే పిడికిలి బిగించింది. సిద్దిరాములు నా పిడికిలి మీద చెయ్యి వేసి, "నువ్వు వదులు," అన్నాడు. రెక్క మళ్లీ నిలబడింది.

ఇరవై మూడు నిమిషాలు తిరిగింది నా బిడ్డ.

ఒడ్డుకు వచ్చి పలక మీదే చతికిలబడింది. సార్ గడియారం చూపిస్తూ ఏదో అరుస్తున్నారు. నేను నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి, ముందు దాని చేతులు తిప్పి చూశాను. ఎడమ పోగు ఉంది. కుడి పోగు ఉంది. తడిసి, వేళ్లకు అంటుకుని, రెండూ ఉన్నాయి. సాయంత్రం నలుగురి పేర్లు చదివారు. నాలుగో పేరు తేజస్విని. వచ్చే సోమవారమే బయల్దేరాలన్నారు.

తిరుగు రైలులో కిటికీ పక్కన సీటు దొరికింది. తేజు నా ఒళ్లో చెయ్యి పెట్టి అట్లనే నిద్రపోయింది. భువనగిరి దాటాక ఉమాకాంత్ ఫోన్ చేశాడు.

"వదినా, ఆరడుగులవి ఇంకో పది వచ్చినయ్. రేపు నూలు పంపుదునా?"

"వద్దు తమ్మీ," అన్నాను. "మూడడుగులవి ఉంటె పంపు."

"మూడడుగులవా? గవి సింగిల్ మగ్గం పని గద?"

"అవును. ఒక్కదాన్నే."

సిద్దిరాములు నా దిక్కు చూసి, కిటికీ దించాడు. ఒళ్లో ఉన్న చేతిని చూశాను. ఆ ఎండాకాలం నుంచి దాని వేళ్లు నిద్రలో కూడా ముడుచుకునే ఉండేవి. ఇప్పుడు అరచెయ్యి మొత్తం తెరుచుకుని ఉంది. పోగు ఆరిపోయి వదులైంది.

కాజీపేట వస్తుందనగా లేచింది. పైనున్న సంచి దించబోయి, పోగుకు బొటనవేలు విడిగా రాక చెయ్యి నా ముందు పెట్టింది.

"ఇది తెంపమ్మా."

ముప్పై ఏళ్లలో ఎన్ని వేల పోగులు తెంపానో. కత్తెర లేకపోతే పళ్లతోనే, చూడకుండానే తెంపుతాను.

"స్టేషన్ రానియ్యే," అన్నాను. "జరసేపు ఉండనీ."

బండి ఆగింది. జనం దిగుతున్నారు. వంగి, నా బిడ్డ బొటనవేలి దగ్గర పోగు కొరికాను.